అవతలి రేటు

మార్చి 4, మంగళవారం

ఈ రోజు మా ఇంట్లో, నా కుర్చీలో కూర్చుని, నా కూతురి మొగుడు నాకు దారి చెప్పాడు.

మాటవరసకి అనడం లేదు. భోజనాల బల్ల మీద ఫోను పెట్టి, రెండు వేళ్ళతో సాగదీసి, "ఇదిగో మామయ్యగారూ, ఈ గీత సరిహద్దు. ఇవతలి పంపులన్నీ ఎరుపు, అవతలివన్నీ ఆకుపచ్చ. ఆకుపచ్చంటే చవకన్నమాట. సగం ట్యాంకుతో బయల్దేరి, గేటు దాటగానే నింపేద్దాం," అన్నాడు. ఫోను నా వైపు తోశాడు. కళ్ళజోడు జేబులోనే ఉంది, తియ్యలేదు. ఊఁ అన్నాను.

ముప్పై ఏళ్ళుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాను. ఈ ఊళ్ళో సగంమంది క్లచ్ వదలడం నా కాలు చూసి నేర్చుకున్నారు. అలాంటివాడికి బండిలో ఎక్కడ ఏం పోయించాలో చెబుతున్నది ఎవరయ్యా అంటే, పళ్ళు పీకే డాక్టరు.

అమ్మాయీ, మా ఆవిడా చెరోవైపు నుంచీ ఆ ఫోను మీదికి వంగారు. ఇదివరకు ప్రయాణమంటే నేనూ అమ్మాయీ. నేను నడపడం, పక్క సీట్లో అది ఒళ్ళో మ్యాపు పరుచుకుని "నాన్నా, ముందు ఎడమ" అనడం. ఎడమ అంటే కుడి అయ్యేది చాలాసార్లు. అయినా అది చెప్పినవైపే తిప్పేవాణ్ణి.

ప్రయాణం ఇరవై రెండో తేదీన. అవతల ఏదో ఆసుపత్రిలో పళ్ళ విభాగానికి వీణ్ణి రమ్మన్నారట. నెలాఖరులోగా అవుననో కాదనో చెప్పాలట. అద్దెకి ఒక ఇల్లుందట, చూసి వస్తారట. మమ్మల్నీ రమ్మన్నారు. ఊరికే చూసి రావడమే.

మార్చి 5, బుధవారం

వాడి బండి గురించి ఒక మాట రాసుకోవాలి.

కొని రెండు నెలలైంది. నేను ఇంతవరకు ఎక్కలేదు. కొన్న రోజున మా గేటు ముందు ఆపి హారన్ కొట్టాడు. అమ్మాయి దిగి, తలుపు తీసి పట్టుకుని, "రా నాన్నా, ఒక రౌండు," అంది. మోకాలు నొప్పన్నాను. మా ఆవిడ మాత్రం ఎగురుకుంటూ ఎక్కి, ఊరంతా తిరిగొచ్చి, ఆ సీట్లు ఎంత మెత్తగా ఉన్నాయో పడుకునేదాకా చెప్పింది.

కొనేముందు నన్నొక్క మాట అడగలేదు. అడిగితే వద్దనేవాణ్ణి, అది వేరే సంగతి.

స్టార్ట్ చేస్తే టకటకమని మొరటు చప్పుడు. నా బండికి పద్నాలుగేళ్ళు, దాన్ని నేను ముసల్ది అనే పిలుస్తాను, అయినా దాని పక్కన నిలబడితే ఇంజను నడుస్తోందా లేదా అని వంగి వినాలి. కొత్త బండికి ఆ రొద ఏమిటి? ఇంజను బాగోలేనిదాన్ని వాడికి అంటగట్టినట్టున్నారు. చెబుదామనుకున్నాను. వాడే తెలుసుకుంటాడులే.

మార్చి 7, శుక్రవారం

నా దగ్గర నేర్చుకుని ఇప్పుడు టాక్సీ నడుపుతున్నవాడొకడు ఉన్నాడు. రోజు విడిచి రోజు సరిహద్దు దాటతాడు. ఫోన్ చేశాను.

"అవతల పెట్రోలు ఎలా ఉందిరా?"

"ఇక్కడికంటే కాస్త ఎక్కువే సార్. ఎందుకు, ప్రయాణమా?"

"ఎక్కువా, తక్కువా? సరిగ్గా చెప్పు."

"ఎక్కువే సార్. నిన్ననే బోర్డు చూశాను. అవతల డీజిలైతే చవక, మావాళ్ళందరూ అక్కడే..."

పెట్టేశాను. డీజిలు గొడవ నేను అడగలేదు. నాకు కావలసింది దొరికింది.

పళ్ళడాక్టరు ఫోను అబద్ధం చెప్పింది. మధ్యాహ్నం మారు అన్నం పెట్టించుకున్నాను. "ఏమిటండీ విశేషం," అంది మా ఆవిడ. ఆకలన్నాను.

మార్చి 9, ఆదివారం

ఆదివారం భోజనానికి ఇద్దరూ వచ్చారు. నేను తొందరపడలేదు. అందరూ తినడం మొదలుపెట్టాక, మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి అప్పుడన్నాను.

"అవతల ఎక్కువటగా అల్లుడుగారూ. కనుక్కున్నాను."

"లేదు మామయ్యగారూ, తక్కువే. పొద్దున కూడా చూశాను. మన బండికి బాగా కలిసొస్తుంది."

"ఫోనులో చూశారా, కళ్ళతో చూశారా?"

"ఫోనులోనే."

"నేను కళ్ళతో చూసినవాణ్ణి అడిగాను."

వాడు నవ్వి ఊరుకున్నాడు. అదే వాడితో వచ్చిన చిక్కు. వాదించడు. వాదిస్తే నాలుగు మాటల్లో పడగొట్టేవాణ్ణి. ఊరుకున్నవాణ్ణి ఏం చెయ్యగలను?

అప్పుడు అమ్మాయి అంది. "నాన్నా, తను చూసే చెప్పాడు."

మెల్లగానే అంది. నా కంచంలో కూర వేస్తూనే అంది. చిన్నప్పుడు చంద్రుడు మన బండి వెంటే వస్తాడని నేను చెబితే, కాదన్న టీచరుతో "మా నాన్న చెప్పాడు" అని దెబ్బలాడి బెంచీ ఎక్కిన పిల్ల.

తర్వాత అద్దెల మాట వచ్చింది. అవతల అద్దెలు కూడా తక్కువేనట. నీళ్ళు ఆగకుండా వస్తాయట, గాలి బాగుంటుందట. అన్నీ అవతలే బాగుంటాయట. ఇక్కడ వీళ్ళకి ఏం తక్కువైందో మాత్రం ఎవరూ చెప్పరు.

మార్చి 10, సోమవారం

తను చూసే చెప్పాడు.

మార్చి 13, గురువారం

సాయంత్రం శిక్షణలో ఉన్నాను. నడుపుతున్నది కూరగాయల కొట్టావిడ. నలభై దాటాక నేర్చుకుంటోంది, బాగానే నేర్చుకుంటోంది. కూడలి దగ్గర మా ముందు వాడి బండి ఆగింది. పక్క సీట్లో అమ్మాయి.

"ముందు బండి వెనకే పోనివ్వండి," అన్నాను.

"ఎక్కడికి సార్?"

"ఎక్కడికైతేనేం. దూరం సమానంగా ఉంచడం నేర్చుకోవాలి, ఇదీ పాఠమే."

వాళ్ళు కర్టెన్ల దుకాణం ముందు ఆగారు. మేమూ కాస్త వెనగ్గా ఆగాం. దుకాణం గుమ్మంలో నిలబడి అమ్మాయి రెండు చేతులూ బారజాపి ఏదో కిటికీ కొలత చూపిస్తోంది. వాడు దాని చేతుల చివరికి ఇంకో జానెడు కలిపి చూపించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

వాళ్ళింట్లో అంత కిటికీ లేదు. మా ఇంట్లోనూ లేదు.

"మీ అమ్మాయి కదూ సార్? దిగి పలకరిస్తారా?" అంది కూరగాయలావిడ.

"ఎవరో అనుకున్నాను. రివర్సు తియ్యండి," అన్నాను.

నేర్చుకునేవాళ్ళ గురించి నేను కాగితం మీద రెండు ముక్కలు రాస్తాను, అలవాటు. పళ్ళడాక్టరు గురించీ రాసుకుంటున్నాను. అద్దాలు చూస్తాడు. మలుపుకి ముందే సిగ్నలు వేస్తాడు. నడిచేవాళ్ళకి దారిస్తాడు. ఒంటిచేత్తో తిప్పడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఒళ్ళు మండిపోయింది.

మార్చి 17, సోమవారం

ఉపాయం దొరికింది.

వాడు సగం ట్యాంకుతోనే బయల్దేరాననుకుంటాడు. గేటు దాటగానే పంపు దగ్గర ఆపుతాడు. బోర్డు మీద రేటు కనబడుతుంది, ఇక్కడికంటే ఎక్కువ. వాడి మొహం వాడిపోతుంది. అప్పుడు నేను వెనక సీట్లోంచి, తాపీగా, "పర్వాలేదు అల్లుడుగారూ, నిన్ననే ఇక్కడి రేటుకి పుల్లుగా కొట్టించి ఉంచాను," అంటాను. అమ్మాయి వెనక్కి తిరిగి, "మా నాన్న ఉంటే చాలు" అంటుంది. ఆ మాట అని ఎన్నాళ్ళైందో.

దీంట్లో ఎవరికీ నష్టం లేదు. నా జేబులోంచి నేను పోయిస్తున్నాను. ఇందులో కుళ్ళు ఎక్కడుంది? అల్లుడికి పెట్టుకోవడం కుళ్ళు అవుతుందా?

మార్చి 21, శుక్రవారం

పని అయింది.

మధ్యాహ్నం వాడి క్లినిక్కి వెళ్ళాను. "రేపు దూర ప్రయాణం కదా, తాళాలిస్తే టైర్లలో గాలి చూసి తెస్తాను," అన్నాను. వాడి మొహం ఎలా వెలిగిపోయిందో చెప్పలేను. చేతి తొడుగులతోనే జేబులు తడుముకుని తాళాలిచ్చాడు. "మీరు నడిపి చూడండి మామయ్యగారూ, ఎలా ఉందో చెప్పండి. మీరు ఎప్పుడు ఎక్కుతారా అని చూస్తున్నాను," అన్నాడు. ఆ సంతోషం నాకేం నచ్చలేదు.

పంపు రెండు వీధుల అవతలే. దారిలో ఆ టకటక వినబడకుండా రేడియో పెట్టాను. తొక్కితే బరువుగా లేస్తోంది. అనుకున్నదే, మంచి బండి కాదు.

పంపు దగ్గర ఉండే ఆవిడ కూడా నా దగ్గర నేర్చుకున్నదే. పెట్రోలు పుల్లుగా కొట్టమన్నాను. ఆవిడ గొట్టం చేతిలో పట్టుకుని ఆగింది.

"సార్, ఈ బండికి..."

"ఈ బండికి ఏమిటి? నాకు చెబుతున్నావా?"

"మీకు చెప్పేంతదాన్నా సార్," అని కొట్టేసింది.

అంచుదాకా నిండాక మూత నేనే బిగించాను, చేతి మీదా చొక్కా మీదా కాస్త చిందింది. తాళాలు తిరిగి ఇచ్చేటప్పుడు "ఎలా ఉంది మామయ్యగారూ?" అన్నాడు. బాగుందన్నాను. గాలి కూడా కొట్టించాను, అబద్ధమెందుకు.

మార్చి 22, శనివారం

మళ్ళీ ఇంట్లోనే ఉన్నాం.

మార్చి 23, ఆదివారం

నిన్న రాయలేకపోయాను.

పొద్దున్నే బయల్దేరాం. అమ్మాయి ముందు, వాడి పక్కన. మా ఆవిడా నేనూ వెనక. తాళం తిప్పగానే ట్యాంకు ముల్లు పైదాకా పోయింది. అమ్మాయి కాళ్ళ దగ్గర సంచీ సర్దుకుంటోంది, చూడలేదు. వాడు చూశాడు. అద్దంలోంచి నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. చిన్నగా నవ్వుకున్నాడంతే. నేను ముచ్చటపడి పోయించానని, పెద్దమనిషిని కాబట్టి బయటపెట్టడం లేదని అనుకుని ఉంటాడు.

నా బండిలో నా వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు ఏం చేసినా నేను ఆపగలను. ఇక్కడ వెనక సీట్లో కూర్చుని, ప్రతి మలుపుకీ కాలు కింద తివాచీని తొక్కుతూనే ఉన్నాను. మా ఆవిడ చూసి నా మోకాలి మీద చెయ్యి వేసింది.

ఊరు దాటాక బండి కొంచెం కొంచెంగా దగ్గడం మొదలుపెట్టింది. వాడు వేగం తగ్గించాడు. కొండరోడ్డు ఎక్కేసరికి తొక్కినా లేవడం లేదు. వెనక తెల్లటి పొగ. చివరికి సరిహద్దు గేటు కనబడేంత దూరంలో, లారీల వరస పక్కన, ఒక్క కుదుపుతో ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ కాలేదు.

నాకు లోపల సంతోషంగానే ఉంది, అబద్ధం చెప్పను. చప్పుడు విన్న రోజే చెప్పాను కదా, ఇంజను బాగోలేదని. చెప్పలేదు కానీ, అనుకున్నాను కదా.

లారీవాళ్ళు ఒక మెకానిక్కుని పిలిచారు. అతను వంగి చూసి, మూత తీసి వాసన చూసి, మమ్మల్నందర్నీ వరసగా చూశాడు.

"డీజిల్ బండిలో పెట్రోలు పోశారెవరో," అన్నాడు.

డీజిల్ బండి.

అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. ఆ టకటక, ఆ బరువు, టాక్సీవాడు చెప్పబోయింది, పంపు దగ్గర ఆవిడ ఆగింది. నా ముప్పై ఏళ్ళూ పెట్రోలు బళ్ళే, నిజమే. కానీ చెవులున్న ఎవడికైనా తెలిసేదే. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కసారి ఆ ఫోను చూసినా తెలిసేది. నోరు తెరవాలనుకున్నాను.

వాడు నా వైపు చూశాడు. ఒక్క క్షణం. తర్వాత మెకానిక్కుతో, "నేనేనండీ. నిన్న పరధ్యానంలో ఉన్నాను," అన్నాడు.

"నువ్వా?" అంది అమ్మాయి.

"నేనే. పేషెంట్లు ఎక్కువయ్యారు, తొందరలో చూసుకోలేదు."

"అక్కడ నింపుదామని నెల్లాళ్ళ నుంచీ లెక్కలు వేసి, నిన్న ఇక్కడెందుకు పోయించావు? అదీ పెట్రోలు?"

వాడు మెకానిక్కు వైపు తిరిగాడు. నేను మా ఆవిడకి మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాను.

బండిని లాక్కుంటూ తీసుకెళ్ళారు. లారీలో వెనక్కి వచ్చాం. అవతలి అద్దె ఇంటాయన సాయంత్రం దాకా చూసి, వేరేవాళ్ళకి ఇచ్చేశాడట. అమ్మాయి ఫోను పెట్టేసి, దారంతా రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది.

రేపు చెప్తాను. రేపు పొద్దున్నే చెప్తాను.

మార్చి 24, సోమవారం

ఇద్దరు కొత్తవాళ్ళు చేరారు. తీరిక లేకపోయింది.

మార్చి 25, మంగళవారం

అమ్మాయి ఒక్కతే వచ్చింది. సంచీ తెచ్చుకుంది. నాలుగు రోజులు ఉంటుందట.

"బండిలో ఏం పోయాలో తెలియని మనిషిని నమ్ముకుని, ఎవరూ లేని చోటికి పోయి కాపురం పెట్టాలా నాన్నా? నాకు ధైర్యం చాలడం లేదు. సోమవారం వద్దని చెప్పేస్తాం."

"తొందరపడకమ్మా," అన్నాను. ఎంత బాగా అన్నానో. వినేవాళ్ళు ఎవరైనా నిజమనుకుంటారు.

రాత్రి భోజనంలో పక్కనే కూర్చుంది. నా కంచంలోంచి ఒక ముక్క తీసుకుంది, చిన్నప్పటిలాగ.

ఈ రోజు బాగుంది.

మార్చి 26, బుధవారం

ముసల్దాన్ని బయటికి తీశాను. "నడుపుతావా?" అంటే ఎగిరి కూర్చుంది. నేను పక్క సీట్లో, నా బ్రేకు మీద కాలు పెట్టుకుని. ఒక్కసారి కూడా తొక్కాల్సిన పని పడలేదు.

పాత బడి ముందు నుంచి వెళ్ళాం. గేటు స్తంభం ఇంకా పక్కకి ఒరిగే ఉంది. నేర్చుకుంటున్న కొత్తలో అమ్మాయి గుద్దింది దాన్నే. అప్పుడు వాళ్ళమ్మ తిడుతుందని వణికిపోతుంటే, "నేనే గుద్దాను, నిద్రమత్తులో ఉన్నాను" అని ఇంట్లో చెప్పాను. మా ఆవిడ నెల్లాళ్ళు నన్ను దెప్పింది. ఆ రోజు వాళ్ళమ్మ వెనక నిలబడి అమ్మాయి నా వైపు చూసిన చూపు ఉంది చూశారూ, దానికోసం ఊళ్ళో ఉన్న స్తంభాలన్నీ గుద్దినా తప్పులేదు.

"అమ్మ ఇప్పటికీ నువ్వే గుద్దావనుకుంటోంది," అని నవ్వింది.

నేనూ నవ్వాను. తర్వాత ఇంటికి వచ్చేదాకా నా వైపు అద్దమే చూస్తూ కూర్చున్నాను.

ఈ రోజూ బాగుంది.

మార్చి 27, గురువారం

బట్టలు మడత పెడుతూ మా ఆవిడ అంది. "ఏమండీ, శుక్రవారం తొడుక్కున్న చొక్కా రెండుసార్లు ఉతికాను."

"అయితే?"

"ఏం లేదు. వాసన పోలేదు."

చొక్కా నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మార్చి 28, శుక్రవారం

పన్ను నొప్పని చెప్పి క్లినిక్కి వెళ్ళాను. నొప్పేమీ లేదు. వాణ్ణి నిలదీయాలని వెళ్ళాను. నిన్నెవడు చెప్పమన్నాడు, ఎవడు నిన్ను త్యాగాలు చెయ్యమన్నాడు అని అడగాలని.

వాడు నన్ను కుర్చీలో పడుకోబెట్టి, నోరు తెరవమని, దీపం మీదికి లాగి, ఏదో లోపల పెట్టాడు. ఇక మాట్లాడటానికి లేదు. పని చేస్తూ కూనిరాగం తీస్తాడు, అదొక దరిద్రపు అలవాటు. కాసేపటికి రాగం ఆపి, నా పళ్ళతోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు.

"నొప్పి ఉంటే చెయ్యెత్తండి మామయ్యగారూ. పైవరస గట్టిగానే ఉంది... ఆ రోజు మీ పేరు చెబితే తనేం అనేది కాదు. కానీ లారీవాళ్ళంతా ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు మీకు నమస్కారం పెట్టారు. రేపు డ్రైవింగ్ స్కూలాయన డీజిల్ బండిలో పెట్రోలు పోయించాడంటే ఊళ్ళో ఏం బాగుంటుంది? నన్నంటే పర్వాలేదు, నాకు బండి సంగతులు తెలియవని అందరికీ తెలుసు."

నేను ఏదో అన్నాను. గొంతులోంచి గుర్రు మాత్రం వచ్చింది.

"నాకు మీ మీద కోపం లేదని కాదు. ఉంది. తను వెళ్ళిపోయిన రాత్రి ఫోన్ చేసి చెప్పేద్దామనుకున్నాను. మళ్ళీ ఆగిపోయాను. నిజం చెప్పమంటారా? పెళ్ళైన దగ్గర్నుంచీ నేను మీ మీద ఏడుస్తూనే ఉన్నాను. బల్బు మారిస్తే 'మా నాన్న అయితే,' సామాను మోస్తే 'మా నాన్న అయితే.' రోజుకి పదిసార్లు. ఈ ప్రయాణం ఒక్కటైనా మీకంటే బాగా చేసి చూపిద్దామని ఆ రేట్లన్నీ పట్టుకుని కూర్చున్నాను."

చెయ్యెత్తాను.

"నొప్పిగా ఉందా?" అని వెంటనే తీసేశాడు.

ఉందన్నాను. నోరు పుక్కిలించి, లేచి వచ్చేశాను. వీధి మలుపుదాకా వచ్చాక, డబ్బివ్వలేదని గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళలేదు.

వాడి మీద ఇన్నాళ్ళూ ఏడ్చింది వాడు తెలివైనవాడని. ఇప్పుడు మంచివాడు కూడానట. ఇది మరీ అన్యాయం.

మార్చి 29, శనివారం

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. వాడు చెప్పడు. మా ఆవిడ చెప్పదు. సోమవారం వద్దంటారు. అమ్మాయి రెండు వీధుల అవతలే ఉంటుంది. ప్రతి ఆదివారం వస్తుంది.

వస్తుంది. వచ్చి, వాణ్ణి చేతకానివాడిలా చూస్తూ కూర్చుంటుంది.

ఈ నాలుగు రోజుల్లో అది రెండుసార్లే నవ్వింది. రెండూ నేను నవ్విస్తే నవ్వినవి. పొద్దున వరండాలో కూర్చుని చేతులు బారజాపి చూసుకుంది. నన్ను చూసి, ఒళ్ళు విరుచుకుంటున్నట్టు నటించింది.

మార్చి 30, ఆదివారం

వాడు భోజనానికి వచ్చాడు. మా ఆవిడ పిలిచిందట. నలుగురం కూర్చున్నాం.

"ఆ పెట్రోలు పోయించింది నేను," అన్నాను.

అమ్మాయి చెయ్యి గిన్నె మీదే ఆగింది. "ఏ పెట్రోలు?"

"బండిలో. ఆ శుక్రవారం. టైర్లలో గాలి అని తాళాలు తీసుకెళ్ళి, నేనే పోయించాను. అది డీజిలు బండని నాకు తెలియదు."

"నీకు తెలియకపోవడమేమిటి నాన్నా?"

"తెలుసుకోలేదు. ఎక్కలేదు, చూడలేదు, అడగలేదు. నా మాట నెగ్గాలని, మీ ఆయన మాట పోవాలని పోయించాను. ఓర్వలేక చేశాను."

మా ఆవిడ కంచంలోకి చూస్తూ నెమ్మదిగా తింటూనే ఉంది. వాడు మధ్యలో, "మామయ్యగారూ, ఇప్పుడవన్నీ ఎందుకు," అన్నాడు. మీరుండండి అన్నాను.

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఎంత మాటన్నా పడదామని సిద్ధమై కూర్చున్నాను.

"మరి తనెందుకు..." అని మొదలుపెట్టి, ఆగిపోయింది. నా వైపు కాదు, వాడి వైపు తిరిగింది. వాడు దొంగతనం బయటపడ్డవాడిలా తలవంచుకుని అన్నం కలుపుతున్నాడు. కలిపిందే కలుపుతున్నాడు.

అప్పుడు చూసింది వాణ్ణి.

ఆ చూపు నాకు తెలుసు. బడి గేటు స్తంభం గుద్దిన రోజున, వాళ్ళమ్మ వెనక నిలబడి నన్ను చూసిన చూపు. ఇన్నేళ్ళు అది నాదే అనుకున్నాను. ఇప్పుడు నా బల్ల దగ్గరే, నా నోటితో నేనే చెప్పి, వాడికి ఇప్పించాను.

"కూర చల్లారిపోతోంది, తినండి," అంది మా ఆవిడ.

వెళ్ళేటప్పుడు అమ్మాయి తన సంచీ తీసుకుంది. గుమ్మం దగ్గర నా భుజానికి తల ఆనించి, ఒక్క క్షణం అలా ఉండి, వెళ్ళిపోయింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మార్చి 31, సోమవారం

అవునని చెప్పారట.

ఏప్రిల్ 12, శనివారం

ఇంకో ఇల్లు దొరికింది. పెద్ద కిటికీ ఉందట. సామాను ముందే పోయింది. ఈ రోజు మనుషులం, బాగుచేయించిన వాడి బండిలోనే బయల్దేరాం.

"నాన్నా, నువ్వు ముందు కూర్చో," అని అమ్మాయి వెనక వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. వాడి పక్క సీటు నాది అయింది. సీటు మెత్తగానే ఉంది. మా ఆవిడ ఎక్కువ చేసి చెప్పలేదు.

దారంతా మలుపు వచ్చినప్పుడల్లా నా కాలు కింద లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. వాడు గమనించాడు. నేను తొక్కిన ప్రతిసారీ కాస్త వేగం తగ్గించాడు. ఏమీ తెలియనట్టు కూనిరాగం తీస్తూనే తగ్గించాడు.

బండి ఆగిపోయిన చోటు దాటాం. గేటు దాటాం. పావు ట్యాంకు ఉంది. మొదటి పంపు దగ్గర ఆపి, తాళాలు నా చేతికిచ్చాడు. "మీరే కొట్టించండి మామయ్యగారూ." వెక్కిరింపు కాదు. వెక్కిరింపైతే ఏదో ఒకటి అనేవాణ్ణి.

దిగాను. కళ్ళజోడు పెట్టుకున్నాను. పంపు మనిషికి డీజిలని రెండుసార్లు చెప్పాను, తెలియని ఊరు కదా. అతను కొడుతుంటే బోర్డు చూశాను. పెట్రోలు మన ఊళ్ళోకంటే కాస్త ఎక్కువ. టాక్సీవాడు నిజమే చెప్పాడు. దాని కింద వరసలో డీజిలు. తక్కువ. వాడు చెప్పినదానికంటే కూడా తక్కువ.

వెనక అద్దం దించి అమ్మాయి తల బయటపెట్టింది.

"ఎంతుంది నాన్నా?"

"ఎక్కువేనమ్మా," అన్నాను.

బండిలో ముగ్గురూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.